మోగని వాల్వే మంచి వాల్వు

మూసుకుపోవడమంత గొప్ప సుగుణం లోకంలో ఇంకొకటి లేదు. నవ్వకండి. నేను నవ్వించే రకం కాదు.

ఏ ఆఫీసుకైనా వెళ్ళి చూడండి. గోడకు ఫిర్యాదుల పెట్టె ఉంటుంది. దాని తాళంచెవి ఎప్పుడో పోయింది. కాగితం వేసే సందులో సాలీడు గూడు కట్టుకుంది. సంవత్సరాంతాన ఆఫీసరు లేచి, ఈ ఏడాది ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని ప్రకటిస్తాడు. చప్పట్లు మోగుతాయి. ఆ గౌరవం ఎవరి చలవ? సాలీడు చలవ. దానికి దండ వేసినవాడు మాత్రం లేడు.

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో అలారం బటన్ ఉంది. నొక్కితే మోగదు. ఆరేళ్ళుగా లిఫ్టులో ఎవరూ ఇరుక్కోలేదని సెక్రటరీ రికార్డు రాసిపెట్టాడు. నేను ఒకసారి నలభై నిమిషాలు ఇరుక్కున్నాను. అయితేనేం? మోగలేదు కాబట్టి ఇరుక్కోలేదు. రికార్డు రికార్డే.

నేను చదివింది పల్లెటూరి బడిలో. మాస్టారు ఒక్కరు, తరగతులు ఐదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు లోపలికి కూడా వచ్చేవాడు కాదు. గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గేవాడు. చప్పుడు లేకపోతే ‘బడి బాగుంది’ అని రాసుకుని వెళ్ళిపోయేవాడు. మాలో ఒక్కడికీ పన్నెండో ఎక్కం రాదు. రానివాడు నోరెత్తుతాడా? వచ్చినవాడే గోల చేస్తాడు. అందుకే మా బడికి ఏటా మంచి పేరు.

ఆ బడి నాకు ఎక్కాలు నేర్పలేదు గాని సిద్ధాంతం నేర్పింది. చప్పుడు చేసేది చెడిపోయినట్టు. చేయనిది బాగున్నట్టు. ఈ సిద్ధాంతంతోనే ఉద్యోగం చేశాను, సంసారం చేశాను, ఈ మధ్య కారు కూడా రిపేరు చేశాను. ఆ మూడోదాని గురించి చెబుతాను. మిగతా రెండూ మీకు అనవసరం.

మా కారుకు పధ్నాలుగేళ్ళు. కొన్నాళ్ళుగా పెట్రోలుతో సమానంగా ఆయిల్ తాగుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే చలిజ్వరం వచ్చినదానిలా వణుకుతోంది. పార్కింగ్‌లో నా చోట అరచేతి వెడల్పున నల్లమరక పడింది. నాకేం బాధ లేదు. బాధంతా మా అల్లుడిది.

అల్లుడు బుద్ధిమంతుడు. అతనిలో నాకు కనబడిన లోపం అదొక్కటే.

“ఇంజిన్ పోయినట్టే మామయ్యగారూ,” అన్నాడు, భోజనాల దగ్గర. “ఈ వయసులో దీంతో మీకెందుకు తిప్పలు? పాత కార్లు కొనేవాళ్ళకు ఇచ్చేద్దాం. మీరెక్కడికి వెళ్ళాలన్నా నాకో మాట చెప్పండి, ఫోన్‌లో కారు బుక్ చేసి పంపిస్తాను.”

“నువ్వు మీటింగ్‌లో ఉంటేనో?”

“మీటింగ్ అయ్యాక పంపిస్తాను.”

“అంటే నాకు బయటికి వెళ్ళాలని ఎప్పుడు అనిపించాలో నీ మీటింగులు చెబుతాయన్నమాట.”

“భలేవారే మీరు,” అని నవ్వాడు. మా అమ్మాయి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళింది. దాని నోట ఎప్పుడూ ‘ఏం లేదు’, ‘బాగానే ఉంది’ తప్ప మూడో మాట రాదు. బంగారం లాంటి పిల్ల అని నేను పదిమందికి చెప్పుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి సూటిగా చెప్పాలి. కారు ఉన్నంత కాలం నేను మనిషిని. కారు పోయిన మర్నాటి నుంచి సామానును. ఎక్కించేవాడు ఎక్కించాలి, దింపేవాడు దింపాలి. సామాను అలిగితే పట్టించుకునేవాడు లేడు.

అందుకని ఒప్పందం కుదిరింది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తాం. ఇంజిన్ పోయిందని వాళ్ళు తేల్చితే శనివారం కారు ఇచ్చేస్తాం. అది బుధవారం.

సర్వీస్ సెంటర్ ఎప్పుడైనా చూశారా? మనకూ మన కారుకూ మధ్య అద్దం గోడ ఉంటుంది. ఇవతల సోఫా, ఏసీ, మీట నొక్కితే కాఫీ. అవతల మన కారు కడుపు చీలుస్తుంటారు. మనకు కనిపిస్తుంది, వినిపించదు. ఎంత మర్యాద! రెండు గంటలు కూర్చోబెట్టారు. వేరే దిక్కులేక కారుతో వచ్చిన పుస్తకం తీసి చదివాను. పధ్నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

అందులో ఒక చిన్న భాగం గురించి ఉంది. పీసీవీ వాల్వు. బొటనవేలంత ఉంటుంది. ఇంజిన్‌లో పెట్రోలు మండినప్పుడు కొంత పొగ పిస్టన్ల పక్కనుంచి అడుగున ఆయిల్ ఉండే చోటికి జారుతుందట. అది అక్కడే ఉండిపోతే ఒత్తిడి పెరిగి, సందు దొరికిన చోటల్లా ఆయిల్‌ను బయటికి తోస్తుందట. ఆ పొగను లాగి మళ్ళీ ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి పంపి కాల్చేయడం ఈ వాల్వు పని. అప్పుడప్పుడు చూసుకోవాలట, అనుమానం వస్తే మార్చాలట. పధ్నాలుగేళ్ళుగా అనుమానం వచ్చినవాడు లేడు.

టై కట్టుకున్న అడ్వైజర్ పలక పట్టుకుని వచ్చాడు. ఈ రోజుల్లో పలకలు పిల్లల దగ్గర లేవు, ఇలాంటి వాళ్ళ దగ్గర ఉన్నాయి.

“స్కానర్ పెట్టాం సార్. ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. చెక్‌లిస్ట్ మొత్తం గ్రీన్.”

“అయితే బాగుందన్నమాట.”

“లేదు సార్, ఇంజిన్ అయిపోయింది. ఆయిల్ తాగుతోందిగా. విప్పదీసి మొత్తం చేయాలి. ఎస్టిమేట్ తీశాం.”

“ఇప్పుడే గ్రీన్ అన్నావు.”

“గ్రీనే సార్. కానీ అయిపోయింది.”

ఇంత ఆరోగ్యంగా చచ్చిన ఇంజిన్‌ను నేను ఎక్కడా వినలేదు.

“పీసీవీ వాల్వు చూశారా?”

అతను పలక మీద వేలితో కిందికి, ఇంకా కిందికి జరిపాడు. “చూశాం సార్. తీసి ఊపి చూశారు. చప్పుడు ఏమీ లేదు. ఓకే అని టిక్ పెట్టారు.”

ఆ మాట నా చెవిలో తేనె పోసినట్టు అయింది. చప్పుడు లేదు, కాబట్టి బాగుంది! మా బడి ఇన్‌స్పెక్టరు ఎక్కడో మళ్ళీ పుట్టి సర్వీస్ సెంటర్‌లో చేరాడు. ఎస్టిమేట్ మడిచి జేబులో పెట్టుకుని, వణికే కారులో ఇంటికి వచ్చాను.

అయినా గురువారం ఆ వాల్వే మార్చాలని నిర్ణయించాను. బాగున్నదాన్ని ఎందుకు మార్చడం అంటారా? ఇంజిన్ మొత్తంలో నా చేతికి అందేది అదొక్కటే. మునిగేవాడు గడ్డిపోచ నాణ్యత చూడడు.

స్పేర్ పార్టుల దుకాణం మా వీధి మలుపులోనే ఉంది. నడిపేది ఒక ఆవిడ. చెవి మీద పెన్సిలు, ముంజేతి దాకా గ్రీజు. వెనక అరల్లో ఎక్కడ ఏముందో తిరిగి చూడకుండానే చెయ్యి పెట్టి తీస్తుంది. కారు పేరు చెప్పగానే చిన్న డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టింది.

డబ్బా విప్పి ఊపాను. టకటక టకటక. చంటిపిల్లల గిలక్కాయ.

“ఇది లూజ్ అమ్మా. లోపల ఏదో ఊడింది.”

“ఊడలేదు బాబాయ్‌గారూ, అది...”

“నేను చెవిటివాణ్ణి కాదు. ఇంకోటి ఇవ్వు.”

ఇంకోటి ఇచ్చింది. టకటక. మూడోది తీయించాను. టకటక. అప్పుడు నేను నాలుగు మాటలన్నాను. నకిలీ సరుకు గురించి, ఈ కాలం వ్యాపారం గురించి, దుకాణం మీద నమ్మకంతో వచ్చే ముసలివాళ్ళ గురించి. ఆవిడ మధ్యలో మూడుసార్లు “అది కాదండీ” అంది. మూడుసార్లూ నేనే గెలిచాను.

చివరికి ఆవిడ నన్ను ఒక నిమిషం ఎగాదిగా చూసింది. వంగి, కౌంటర్ కింద ఉన్న పాత రేకు డబ్బాలోంచి ఒక వాల్వు తీసింది. గుడ్డతో తుడిచింది.

“ఇది ఊపి చూడండి.”

ఊపాను. చప్పుడు లేదు. గట్టిగా ఊపాను. రాయిలా ఉంది.

“ఇదీ సరుకంటే,” అన్నాను. “ముందే ఇవ్వొచ్చుగా?”

“మీకు నచ్చేది ఇదని తెలియలేదు బాబాయ్‌గారూ. తీసుకెళ్ళండి. దీనికేమీ ఇవ్వక్కర్లేదు.”

తప్పు చేసినదానికి సిగ్గుపడిందనుకున్నాను.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తాను. వాల్వు ఇంజిన్ నెత్తి మీద, రబ్బరు వాషర్‌లో కూర్చుని ఉంది. దాని తలకు ఒక గొట్టం. పట్టుకారుతో క్లిప్పు నొక్కి గొట్టం జరిపాను. పాత వాల్వు పీకాను. ఊపాను. చప్పుడు లేదు. తెచ్చినదాన్ని ఊపాను. దానికీ చప్పుడు లేదు. రెండూ అన్నదమ్ముల్లా మౌనంగా ఉన్నాయి. తెచ్చినదాన్ని నొక్కి బిగించాను. పది నిమిషాల పని. నా అంతటివాడు లేడనుకున్నాను.

ఇంజిన్ తిప్పాను. వణుకు అలాగే ఉంది. తెల్లారేసరికి నేల మీద మరక కూడా అలాగే ఉంది. అల్లుడు ఆఫీసుకు వెళుతూ వంగి చూసి, ‘అయ్యో’ అన్నాడు. ఆ అయ్యోలో బాధ కంటే శనివారం ఎక్కువ ఉంది.

శుక్రవారం ఉదయం కారును తిన్నగా దుకాణం ముందు ఆపాను. ఆవిడ నన్ను చూసి కౌంటర్ దాటి తనే బయటికి వచ్చింది.

“వస్తారని తెలుసు. బానెట్ ఎత్తండి. ఇంజిన్ ఆపొద్దు. మీ దగ్గర కాగితం ఏదైనా ఉందా?”

జేబులో సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ ఉంది. ఇచ్చాను. ఆయిల్ పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీద కాగితం పరిచింది. కాగితం గుప్పున లేచి, గాల్లో పల్టీ కొట్టి రోడ్డు మీద పడింది. ఒక లారీ దాని మీదుగా వెళ్ళింది. ఆ ఎస్టిమేట్‌కు తగిన మర్యాద అదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

“చూశారా? లోపల ఉండాల్సిన ఒత్తిడి కాదది. కాగితాన్ని మెల్లగా లోపలికి లాక్కోవాలి. ఇది బయటికి ఊదుతోంది. ఊపిరాడక అల్లాడుతోంది మీ ఇంజిన్.”

“కొత్త వాల్వు వేశానుగా.”

“కొత్తది కాదు బాబాయ్‌గారూ, అది పాతదే. ఎవరో పారేసి వెళ్ళింది. మసి పట్టి బిగుసుకుపోయింది.”

నేను వంగి దాన్ని రెండోసారి చూశాను. అది అరుదుగా జరిగే విషయం.

“వాల్వు మోగాలండీ,” అంది. కోపం లేదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. “లోపల స్ప్రింగు మీద చిన్న ముక్క ఉంటుంది. అటూ ఇటూ ఆడుతుంటేనే పొగ బయటపడుతుంది. మీకు వినబడిన టకటక అదే. మోగట్లేదంటే చచ్చిపోయిందని.”

“ఈ ముక్క నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీరు చెప్పనిచ్చారా?”

పాఠకులారా, ఈ మాట నాకు కొత్త కాదు. మా ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే అంది. కూర దగ్గర అంది, చుట్టాల ముందు అంది, కారులో పక్క సీట్లో కూర్చుని మలుపు మలుపుకూ అంది. ఆఖరి సంవత్సరం అనడం మానేసింది. అడిగితే బాగానే ఉన్నానంది. నేను తోడల్లుడికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను, ఈ మధ్య మా ఇల్లు ప్రశాంతంగా ఉందని. చెక్‌లిస్ట్ మొత్తం గ్రీన్.

సరే, కారు సంగతికి వద్దాం.

ఆవిడ నిన్నటి టకటక డబ్బా తెచ్చింది. రబ్బరు వాషర్ కూడా ఎండి పగిలిందని కొత్తది వేసింది. గొట్టాన్ని పొడవునా నొక్కి చూసి, ఇది ఇంకొన్నాళ్ళు వస్తుందంది. కొత్త వాల్వును ముందు గొట్టానికి తగిలించి, ఇంజిన్ తిప్పమంది.

“ఇప్పుడు దీని మూతి మీద వేలు పెట్టండి.”

పెట్టాను. దూడ నోట్లో వేలు పెట్టినట్టు లాగింది. నేను ఊళ్ళో పెరిగినవాణ్ణి, ఆ పట్టు ఎలా ఉంటుందో తెలుసు. బతికున్నదే అలా లాగుతుంది.

వాల్వును దాని చోట నొక్కింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఇంజిన్ వణుకు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. కారు లోపలి అద్దానికి వేలాడే చిన్న తాళపుచెవి కూడా ఊగడం మానేసింది. మళ్ళీ కాగితం పెట్టి చూద్దామంటే ఎస్టిమేట్ లేదు. దుకాణం ఖాళీ రసీదు ఒకటి పెట్టాం. మెల్లగా రంధ్రానికి అతుక్కుంది.

“క్షమించమ్మా,” అనాలి నేను. అనలేదు. “ధర ఎంత?” అన్నాను. ఆవిడ చెప్పింది. సర్వీస్ సెంటర్ సోఫాలో నేను తాగిన కాఫీ అంతకంటే ఖరీదు చేస్తుంది.

శనివారం పొద్దున్నే అల్లుడు అమ్మకం కాగితాలతో కిందికి దిగాడు. నేను రాత్రే కారు కింద పాత పేపరు పరిచి ఉంచాను. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. శనగగింజంత ఒక్క చుక్క.

“చుక్క ఉంది మామయ్యగారూ.”

“నీకు చెమట పట్టదా బాబూ?”

“అది కాదు, పూర్తిగా ఆగితే కదా బాగయినట్టు.”

“పధ్నాలుగేళ్ళుగా ఆయిల్‌లో నానిన రబ్బరు సీళ్ళు, ఒక్కరాత్రిలో ఎండిపోతాయా? అరచేయి శనగగింజ అయింది. లెక్కలు నీకే బాగా వచ్చు.”

అతను బుద్ధిమంతుడని చెప్పానుగా. ఒక షరతు పెట్టాడు. మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఊరు చుట్టి రావాలి. ఎక్కడా వణకకుండా, ఆగకుండా వస్తే కాగితాలు వెనక్కి పంపిస్తాడు. దాని మాట మీద తేల్చుకుందామన్నాడు. అది ఏం చెబుతుందో మా ఇద్దరికీ తెలుసు. బాగానే ఉందంటుంది. కారు నాదే. నేను మీసం మెలేశాను.

మొదటి సిగ్నల్ దగ్గర ఆగాం. కారు కదలకుండా, నిద్రపోయే పిల్లలా ఉంది.

“ఎలా ఉందమ్మాయ్?”

“బాగానే ఉంది నాన్నా.”

“కారు కాదు. నువ్వు.”

“బాగానే ఉన్నాను నాన్నా.”

ఆకుపచ్చ దీపం వెలిగింది. వెనకవాడు హారన్ కొట్టాడు. ఇంతకు ముందు ఇదే జవాబుకు ఒకసారి టిక్ పెట్టినవాణ్ణి నేను. ఆ టిక్ ఇప్పుడు ఏ రబ్బరుతోనూ చెరగదు. కారును పక్కకు తీసి, షట్టర్ వేసిన ఒక దుకాణం ముందు ఆపాను.

“ఏమైంది? ఆగిపోయిందా?” అంది కంగారుగా.

“ఆగలేదు. నేనే ఆపాను. ఇంకోసారి అడుగుతున్నా. ఎలా ఉన్నావు?”

అది ఒళ్ళో సంచి పట్టీని చుట్టింది, విప్పింది. మళ్ళీ చుట్టింది.

“కోప్పడరుగా?”

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. “కోప్పడతాను,” అన్నాను.

“అయితే చెబుతాను,” అంది. “కోప్పడనంటే చెప్పేదాన్ని కాదు.”

చెప్పింది. ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టింది. బొమ్మల పోటీకి నేను పంపని సంగతి. పెళ్ళిచూపుల్లో దాని బదులు నేనే చెప్పిన జవాబులు. కారు విషయంలో తనను ఎవరూ అడగలేదని, ఆయనా అడగలేదు మీరూ అడగలేదని. నేను రెండు చోట్ల కోప్పడ్డాను. అది రెండు చోట్లా ఆగి, నేను అయ్యాక మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంది. ఇంత గట్టి పిల్ల అని నాకు తెలియదు.

తర్వాత గొంతు తగ్గించింది.

“డాక్టరు దగ్గర నేనూ ఉన్నాను నాన్నా. ఎక్కడ నొప్పి అని ఆయన అమ్మనే అడిగాడు. అమ్మ నోరు తెరిచింది. మీరు ‘ఏం లేదండీ, కాస్త గ్యాస్’ అన్నారు. అమ్మ నోరు మూసుకుంది. నేను చూశాను.”

నాకు ఆ గది గుర్తుంది. డాక్టరు బల్ల, బరువు చూసే మిషన్, నేను చూసుకున్న గడియారం, అన్నీ గుర్తున్నాయి. ఆమె నోరు తెరిచిన సంగతి గుర్తులేదు. నేను అటు చూడలేదు.

ఈసారి కోప్పడలేదు.

కాబట్టి పాఠకులారా, నా సిద్ధాంతానికి ఒక చిన్న సవరణ. మూసుకుపోవడం గొప్ప సుగుణమే. ఆఫీసరుకు, సెక్రటరీకి, ఇన్‌స్పెక్టరుకు, మొగుడికి. లోపల ఉన్నవాళ్ళను మాత్రం నేను సంప్రదించలేదు.

గంటలో రావాల్సినవాళ్ళం మూడు గంటల తర్వాత వచ్చాం. అల్లుడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితాలు.

“దారిలో ఆగిపోయింది కదూ? నాకు తెలుసు మామయ్యగారూ. ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా.”

నేను జవాబు చెప్పబోయాను. మా అమ్మాయి నా వైపు చేయి చాచి ఆపింది. అద్దం కిందికి దించింది.

“కారు ఎక్కడా ఆగలేదండీ. ఎవరికీ ఇవ్వట్లేదు. రేపు కూడా మేమిద్దరం వెళుతున్నాం,” అంది. “నాన్నకు చెప్పాల్సింది ఇంకా సగం కూడా కాలేదు. అది అయ్యాక మీ సంగతి.”